లవకుశ కూడా రీమేకే!

ఎపిసోడ్‌లో చెప్పిందే, షిఫ్టు బ్రేక్‌లో చదువుకునేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

2023 జూన్‌లో 'ఆదిపురుష్' వచ్చింది. హైడెల్‌బర్గ్‌లో నైట్ షిఫ్టు దిగి, నిద్ర మానుకుని, మా ఏడేళ్ల బాబుని పక్క ఊరి థియేటర్‌కి తీసుకెళ్లాను. వాడికి రాముణ్ణి పెద్ద తెర మీద చూపించాలని ఆశ. బయటికొచ్చాక వాడు రాక్షసుల గురించే మాట్లాడాడు. రాముడి ఊసే లేదు. మనసు చివుక్కుమంది.

నానమ్మకి ఫోన్ చేస్తే, "మా లవకుశ ముందు ఇవేం సినిమాలురా!" అంది. ఎడ్లబండి కట్టుకుని టౌన్‌కెళ్లి చూసిందట.

కానీ ఆ 1963 'లవకుశ' కూడా రీమేకే. సి. పుల్లయ్య గారు 1934లోనే అదే పేరుతో ఒకటి తీశారు. తర్వాత రంగుల్లో మళ్లీ మొదలుపెట్టారు. డబ్బు చాలక మధ్యలో ఆగింది. చివరికి కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. తెలుగులో తొలి పూర్తి రంగుల సినిమా అదే. అప్పటి రంగు ఇప్పటి గ్రాఫిక్స్ లాంటిదే అనుకోండి. అయినా జనం ఇంటికి మోసుకెళ్లింది రంగుని కాదు. ఘంటసాల సంగీతాన్ని, లీల, సుశీల పాడిన ఆ పిల్లల పాటల్ని. కాబట్టి కొత్తగా తీయడం తప్పు కాదండీ. పాడుకోవడానికేం మిగిల్చారన్నదే నా బాధ.

ఆదివారం లాప్‌టాప్‌లో 'లవకుశ' పెట్టాను. పద్యాలు వాడికి అర్థం కాలేదు. ఆపి ఆపి చెప్తే, మూడున్నర గంటల సినిమా రెండు ఆదివారాలు పట్టింది.

"సీతమ్మని ఎందుకు పంపించేశాడు నాన్నా?" అని అడిగాడు.

జవాబు ఇంకా వెతుక్కుంటున్నా. కానీ అడిగాడు, అది చాలు.