ఆక్రన్ నేర్పిన పాఠము: మద్యపు దాస్యము నుండి విడుదలలో ప్రార్థన, ఒప్పుకోలు, సహవాసము

ఉపోద్ఘాతము

"ప్రార్థన చేయించుకొన్నాడు, సాక్ష్యమిచ్చాడు, మళ్ళీ త్రాగుతున్నాడు." ఈ మాట వినని కాపరి మన సంఘాలలో అరుదు. అలాంటప్పుడు రెండు తీర్పులు వినబడతాయి. అతనికి విశ్వాసము చాలలేదని కొందరంటారు. ఇది ప్రార్థనతో తీరేది కాదు, ఆసుపత్రి పని అని మరికొందరంటారు. 1930లలో అమెరికాలో జరిగిన ఒక చరిత్ర వెలుగులో ఈ రెండు తీర్పులను పరిశీలించడమే మా ఉద్దేశము. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) ఏ మతశాఖకూ చెందినది కాదు, అయినను అది పుట్టినది క్రైస్తవ ప్రార్థనా కూటములలోనే.

1. నేపథ్యము

లూథరన్ బోధకుడైన ఫ్రాంక్ బుక్‌మన్ ప్రారంభించిన ఉద్యమానికి 1928 తరువాత ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను పేరు స్థిరపడింది. పాపములు ఒకరితో ఒకరు ఒప్పుకొనుట, చేసిన నష్టమును సరిదిద్దుట, ఉదయకాలమున దేవుని సన్నిధిలో మౌనముగా కనిపెట్టుట దాని ముఖ్యాభ్యాసములు. న్యూయార్క్‌లో శామ్యూల్ షూమేకర్ కాపరిగా ఉన్న కాల్వరీ చర్చి ఈ ఉద్యమానికి కేంద్రము. త్రాగుబోతులకు, నిరాశ్రయులకు ఆ సంఘము ఒక మిషన్ నడిపేది.

2. న్యూయార్క్: బిల్ విల్సన్

1934 నవంబరులో ఎబ్బీ థాచర్ తన పాత త్రాగుడు స్నేహితుడైన బిల్ విల్సన్ ఇంటికి వెళ్ళి, తాను దేవుని వలన మానుకొన్నానని చెప్పాడు. డిసెంబరులో విల్సన్ కాల్వరీ మిషన్‌కు వెళ్ళాడు. తరువాత టౌన్స్ ఆసుపత్రిలో చేరి, అక్కడ నిస్సహాయతతో దేవునికి మొరపెట్టగా, గది వెలుగుతో నిండినట్లు అనుభవము కలిగిందని సాక్ష్యమిచ్చాడు. 1971లో మరణించే వరకు అతడు మరల త్రాగలేదు.

అయితే ఆ తరువాతి నెలలలో అతడు అనేకమంది త్రాగుబోతులకు తన అనుభవమును బోధించినా ఒక్కడూ మానలేదు. బోధ తగ్గించి, మొదట ఈ వ్యాధి ఎంత ప్రాణాంతకమో చెప్పమని వైద్యుడు విలియం సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు.

3. ఆక్రన్: డాక్టర్ బాబ్

ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్‌లో శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్ సుమారు రెండున్నర సంవత్సరాలు ఆక్స్‌ఫర్డ్ గ్రూపు కూటములకు వెళ్తూ, ప్రార్థిస్తూ, వాక్యము చదువుతూనే త్రాగుతుండేవాడు. 1935 వసంతకాలములో ఒక చిన్న కూటములో తన త్రాగుడును మొదటిసారి బాహాటముగా ఒప్పుకొన్నాడు. అందరూ మోకాళ్ళూని అతని కొరకు ప్రార్థించారు. వెంటనే ఏ మార్పూ కనబడలేదు.

కొద్ది వారాలకు వ్యాపారములో విఫలుడైన విల్సన్ ఆక్రన్ హోటలులో ఒంటరిగా నిలిచి, మరల త్రాగుతానేమోనని భయపడి, మాట్లాడడానికి మరొక త్రాగుబోతు కావాలని స్థానిక బోధకునికి ఫోను చేశాడు. ఆ వెదకులాట హెన్రియెట్టా సీబర్లింగ్‌ను చేరింది. డాక్టరు కొరకు ప్రార్థించినవారిలో ఆమె ఒకరు. ఆ ఫోనును ఆమె తమ ప్రార్థనకు జవాబుగా గ్రహించింది. మే 12న ఇద్దరూ కలిశారు. ఆ తరువాతను స్మిత్ ఒకసారి పడిపోయాడు. అతని చివరి త్రాగుడు జరిగిన 1935 జూన్ 10నే ఏ.ఏ. తన పుట్టినరోజుగా ఎంచుతుంది.

తొలి రోజులలో ఆక్రన్‌వారు కొండమీది ప్రసంగమును, 1 కొరింథీ 13వ అధ్యాయమును, యాకోబు పత్రికను ఎక్కువగా చదివేవారని స్మిత్ తరువాత జ్ఞాపకము చేసుకొన్నాడు.

4. విడిపోవుట

న్యూయార్క్ గుంపు 1937లో, ఆక్రన్ గుంపు 1939లో ఆక్స్‌ఫర్డ్ గ్రూపు నుండి వేరైంది. 1939లో వెలువడిన వారి గ్రంథములో దేవుని ప్రస్తావన ఉంది గాని, ఎవరి గ్రహింపు కొలది వారికే విడిచిపెట్టబడింది. క్రీస్తు నామము మరుగుపడిందని వేదాంతులు చింతించుటకు కారణమున్నది. అయితే త్రాగుబోతు సిగ్గుపడకుండా మాట్లాడగల చోటు సంఘములో దొరికియుంటే ఇంత దూరము వెళ్ళవలసి వచ్చేదా అని మనలను మనమే ప్రశ్నించుకోవాలి.

5. పరిశీలన

మొదటి తీర్పు ఇక్కడ నిలువదు. స్మిత్ విశ్వాసము లేక పడిపోలేదు, ప్రార్థిస్తూనే పడిపోయాడు. ఎబ్బీ థాచర్ కూడా పలుమార్లు పడిపోయాడు. అయినను అతని సాక్ష్యము వలననే విల్సన్ నిలిచాడు. రెండవ తీర్పూ నిలువదు. ఆసుపత్రి విల్సన్‌ను అంతకుముందూ చేర్చుకొన్నది, అతడు మరల త్రాగాడు. అలాగని వైద్యము వ్యర్థము కాదు. చాలాకాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, ప్రాణాపాయము కలుగవచ్చును. ఉపవాస ప్రార్థన పేరున అతనిని గదిలో ఉంచుట ప్రేమ కాదు.

సహవాసపు విలువను నేటి పరిశోధన కూడా సమర్థిస్తున్నది. 27 అధ్యయనములను, పది వేలకు పైగా వ్యక్తులను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారము, ఏ.ఏ. వైపు నడిపించే చికిత్సా విధానములు మద్యమును పూర్తిగా మానుటలో ఇతర చికిత్సలకు సమానముగానో, మెరుగుగానో ఫలించాయి.

ముగింపు

యాకోబు 5:16 ఒప్పుకోలును, ఒకని కొరకు ఒకడు చేయు ప్రార్థనను, స్వస్థతను ఒకే వచనములో ఉంచింది. మనము తరచుగా ప్రార్థనను వేదిక మీద ఉంచుకొని, ఒప్పుకోలును విడిచిపెట్టాము. ఆక్రన్ కూటములో ప్రార్థనకు జవాబు మెరుపుగా రాలేదు. తానూ పడిపోతానేమోనని భయపడుతున్న ఒక మనుష్యుని రూపములో వచ్చింది. మన సంఘములో మళ్ళీ త్రాగినవాడు వచ్చే ఆదివారము తలుపు దగ్గర నిలబడితే, అతని ప్రక్కన కూర్చుండువాడు ఎవడు? కాపరులుగా మనము ముందు సిద్ధపరచవలసినది ఆ మనుష్యునినే.