బంగారు పూత: గ్రంథములో కొంత, చేతిలో కొంత

అచ్చంపేట నుండి దక్షిణముగా శ్రీశైలము దారి పట్టిన వారికి ఉమామహేశ్వరము కొండ దాటిన కొలదీ నల్లమల అడవి చిక్కబడుతుంది. ఆ అడవిలో చెంచులు తేనెతోపాటు చెట్ల బంక కూడ సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ బంకలను చాలకాలముగా కొంటూ వచ్చినది. వీనిలో తపసి బంక ఒకటి, తిరుమాను బంక మరొకటి. తపసి బంకను నీటిలో వేస్తే ఉబ్బుతుందే గాని పూర్తిగా కరగదు. తిరుమాను బంక చాల మట్టుకు నీటిలో కలిసిపోయి జిగట ద్రవము అవుతుంది. ఈ చిన్న భేదము అంగడివానికి ధరలో కనబడుతుంది. చిత్రకారునికి మాత్రము అది వృత్తికే ఆధారము. రంగు పొడిని గుడ్డకు అంటించి నిలుపవలెనంటే కరిగే బంక కావాలి గదా!

అదే అడవిలో పొనికి చెట్టు కూడ కలదు. దాని కర్ర మిక్కిలి తేలిక, చాల మెత్తన. ఇల్లు కట్టుటకు పనికిరాదు గాని బొమ్మ చెక్కుటకు అంతకంటె మంచిది లేదు. ఇక చింతచెట్టు సంగతి పాలమూరు జిల్లా వారికి చెప్పనక్కరలేదు. దాని గింజలు కూడ చిత్రకారునికి కావలసినవే. బంక, పొనికి, చింతగింజ: తెలంగాణపు నకాషీ పనివాని సరంజామాలో సగము ఇక్కడే ఉన్నది. మిగిలిన సగము రంగు, బంగారము. వాటిని పూసే విద్య ఎక్కడిది, ఒకరి నుండి ఒకరికి ఎట్లా చేరినది అన్నదే మనము విచారించవలసిన విషయము.

పన్నెండవ శతాబ్ది మొదటి భాగములో నేటి పాలమూరు, నల్లగొండ సీమలలో అధిక భాగము కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. వారి సామంతులైన కందూరు చోడులు ఈ ప్రాంతమును పాలించారు. 1126 నుండి 1138 వరకు కల్యాణి సింహాసనము మీద ఉన్న మూడవ సోమేశ్వరుడు యుద్ధములకంటె గ్రంథముల మీద ఎక్కువ మక్కువ గలవాడు. ఆయన 1130 ప్రాంతములో సంస్కృతములో రచించిన ‘మానసోల్లాసము’నకే ‘అభిలషితార్థ చింతామణి’ అని మరొక పేరు. రాజనీతి, గుర్రములు, వంటకములు, ఆటలు మొదలగు వానితోపాటు అందులో చిత్రలేఖనమును గురించి కూడ వివరముగా ఉన్నది. ఒక రాజు రంగుల నూరుడును, జిగురు కాచుటను వ్రాయదగిన విషయములుగా ఎంచినాడంటే అది చిన్న సంగతి కాదు.

సోమేశ్వరుడు చెప్పిన క్రమము ఇది. గోడను నున్నగా చేయాలి. గేదె తోలును నీటిలో ఉడికించి ‘వజ్రలేపము’ అనే జిగురు తయారుచేయాలి. తెల్లమట్టిని ఆ జిగురుతో కలిపి పూతలు పూయాలి. ఆ తరువాతనే గీత, రంగు. బంగారము పూయవలసిన చోట శుద్ధమైన బంగారమును పలుచని రేకుగా కొట్టి, రాతి మీద నూరి, నీటిలో వేసి పలుమార్లు కడగాలి. మిగిలిన పొడిని వజ్రలేపముతో కలిపి కుంచెతో పూయాలి. ఆరిన పిమ్మట అడవిపంది కోరతో మెల్లగా రుద్దితే మెరుపు వస్తుంది.

ఇందులో ప్రతి మెట్టుకూ కారణము ఉన్నది. బంగారము సాంద్రత 19.3; అనగా ఒక ఘన సెంటీమీటరు బంగారము 19.3 గ్రాములు తూగుతుంది. నూరేటప్పుడు అరిగి కలిసిన రాతిపొడి సాంద్రత మూడుకు లోపే. నీటిలో కలియబెట్టి ఒక్క క్షణము ఆగితే బంగారము అడుగున చేరుతుంది, రాతిపొడి పైనున్న నీటితో పారిపోతుంది. వాగు ఇసుకను కడిగి బంగారు రేణువులు తీసేవారు చేసే పని కూడ ఇదే.

మరి పంది కోర ఎందుకు? నూరిన బంగారము గోధుమరంగులో, మసకగా కనిపిస్తుంది. చిన్న చిన్న రేణువులు అడ్డదిడ్డముగా పడి ఉండుటచే వెలుతురును అన్ని దిక్కులకు చెదరగొట్టుటయే దీనికి కారణము. బంగారము మెత్తని లోహము గనుక నున్నని గట్టి వస్తువుతో ఒత్తి రుద్దితే రేణువులు చదునై, ఒకదానితో ఒకటి అతుకుకొని, అద్దము వంటి తలము ఏర్పడుతుంది. ఇనుప పనిముట్టు అయితే గీతలు పెడుతుంది. కోర అట్లు చేయదు. దాని పింగాణి పొర బంగారముకంటె గట్టిది, పైగా నునుపైనది.

సోమేశ్వరుని తరువాత సుమారు 270 ఏండ్లకు, అనగా 1400 ప్రాంతములో, ఇటలీ దేశములో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు తన వృత్తిని గురించి ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు. ఆయన కూడ జిగురు, తెల్లని పూత, బంగారు రేకు అనే క్రమమునే చెప్పినాడు. మెరుగు పెట్టుటకు నున్నని రాయి గాని, కుక్క వంటి మాంసాహార జంతువు పన్ను గాని వాడమన్నాడు. వీరిలో ఒకరి మాట మరొకరికి చేరినదనుటకు ఆధారమేమీ లేదు. బంగారము స్వభావము ఎక్కడైనా ఒకటే గనుక ఇద్దరి చేతులూ ఒకే దారి పట్టినవి.

అయితే వారిద్దరికీ ఒక ముఖ్యమైన భేదమున్నది. సోమేశ్వరుడు పని చేయించిన రాజు. చెన్నీని పని చేసినవాడు. గురువు ఆగ్నొలో గడ్డి దగ్గర 12 ఏండ్లు శిష్యరికము చేసినవాడు. రంగు నూరుట, జిగురు కాచుట, పూత పూయుట, బంగారము అతికించుట, వీటికే ఆరేండ్లు పడుతుందని ఆయన లెక్క; చిత్రములు వ్రాయుట నేర్చుటకు మరి ఆరేండ్లు. జిగురు ఎంతసేపు ఉడకాలి అన్నది గ్రంథము చెప్పగలదు. వేళ్ళ మధ్య జిగురు ఎంత సాగితే చాలునో చెప్పలేదు. పూత ఎంత ఆరితే కోర పెట్టవచ్చునో, పచ్చిగా ఉంటే ఊడివస్తుందని, మరీ ఎండితే మెరుపు రాదని, చేతికే తెలియాలి. సంస్కృత శ్లోకములో ఉన్న విద్య మన పల్లెల నకాషీ ఇంటికి చేరినదా అని అడిగితే, చేరనక్కరలేదనే నా సమాధానము. ఆ ఇంట అది తండ్రి చేతి నుండి కొడుకు చేతికి ఎప్పుడో దిగినది.

ఈ విద్య ఎంత దూరము నడిచినదో తంజావూరు పటములు చెబుతాయి. 1565లో విజయనగరము దెబ్బతిన్న పిమ్మట తెలుగు చిత్రకారులు కొందరు దక్షిణమునకు పోయి నాయక రాజుల కొలువులలో చేరారు. తంజావూరు, తిరుచిరాపల్లిలలో రాజులు అనే పేరుతో, మధురలో నాయుడులు అనే పేరుతో నిలిచిన చిత్రకార కుటుంబములు వారివే. మరాఠా ప్రభువుల కాలములో, ముఖ్యముగా 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి నాటికి, వారి పని మంచి దశకు వచ్చినది. పలక మీద గుడ్డ అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలను ఉబ్బెత్తుగా తీర్చి, దానిపైన బంగారు రేకు అద్దుతారు. ఇక్కడ బంగారమును నూరరు, రేకుగానే వాడుతారు. ఉబ్బెత్తు తలము మీద రేకు పడినప్పుడు దీపము కదలిన కొలదీ మెరుపు కూడ కదులుతుంది.

రేకు ఎంత పలుచనో లెక్క వేసి చూడుడు. మంచి బంగారు రేకు మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఒక గ్రాము బంగారముతో రమారమి అర చదరపు మీటరు మేర కప్పవచ్చును. (తొమ్మిదవ తరగతి పిల్లలు సాంద్రతను బట్టి ఈ లెక్కను తామే సరిచూచుకొనగలరు.) అటువంటి రేకును వెలుతురుకు అడ్డముగా పట్టుకుంటే ఆకుపచ్చని కాంతి దాని గుండా వస్తుంది. హైదరాబాదులో చార్మినారు చుట్టుపక్కల మిఠాయిలకు, తాంబూలమునకు వాడే వరకు రేకులను తోలు పొరల మధ్య ఉంచి సుత్తితో కొట్టేవారు. ఆ పనివాని చెవికి సుత్తి చప్పుడే కొలబద్ద.

తెలంగాణలోనే ఉండిపోయిన నకాషీ వారి కథ వేరు. వారిని పోషించినది రాజులు కాదు, కులపురాణములు చెప్పే వారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పే కూనపులి వారు, మాదిగలకు జాంబపురాణము చెప్పే డక్కలి వారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వారు, వీరందరూ పటములు వ్రాయించుకొని ఊరూరా తిరిగేవారు. ఆ పటములు వ్రాసే కుటుంబములలో నేటికి మిగిలినవి కొద్ది. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల వానికి ప్రసిద్ధి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంకనీరు కలిపి రెండు మూడు పూతలు పూస్తారు. చింతగింజ పప్పులో సగానికి పైగా ఒక పిండిపదార్థమే. వేడినీటిలో అది ఉబ్బి, పొడుగాటి బృహదణువులు చిక్కుపడి, ఆరినప్పుడు గుడ్డ నూలుకు గట్టిగా పట్టుకుంటుంది. పటమును చుట్టినా, విప్పినా పూత పగలకుండుటకు కారణము ఇదే. ఏండ్ల తరబడి భుజాన మోసి, చుట్టి విప్పే పటమునకు మెరుపుకంటె ఈ వంగే గుణమే ముఖ్యము. కనుకనే ఈ పటములలో నేలగా పరచినది బంగారము కాదు, ఎరుపు.

నిర్మలులో మాత్రము బంగారము వన్నె వదలలేదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఆ ఊరికి పదిహేడవ శతాబ్దిలో నిమ్మనాయుడు పనివారిని రప్పించినాడని చెబుతారు. పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల అంబలి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి, నునుపు చేసి రంగులు వేస్తారు. నిజాము ఆ ఊరికి వచ్చినప్పుడు ఆసనము పైన అరటిపువ్వు వంటి మొగ్గను వ్రేలాడగట్టి, దారము లాగగానే బంగారు రేకులు ఆయన మీద వాన వలె రాలేటట్లు చేశారని ఒక కథ. కథలో బంగారము ఉన్నది. వస్తువుల మీద కనబడే బంగారు వన్నె మాత్రము మూలికల రసముతో కాచిన అవిసెనూనెదని ప్రతీతి.

బంగారము లేకుండా బంగారు వన్నె ఎట్లా వస్తుంది? తెల్లని వెలుతురులోని నీలి భాగమును బంగారము తనలో ఇముడ్చుకొని, పసుపు, ఎరుపు భాగములను తిప్పి పంపుతుంది. నున్నని తెల్లని పూత మీద గాని, మెరిసే తగరము వంటి లోహము మీద గాని పారదర్శకమైన పసుపు నూనె పొర వేస్తే ఆ పొర కూడ నీలిని మింగుతుంది. కంటికి రెండూ ఒక్కటే. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని గట్టిపడుతుంది. ఇది నీరు ఆవిరి అగుట వంటిది కాదు, రసాయనిక మార్పు. కనుకనే ఆరిన పొర మరల కరగదు. లోపము కూడ ఒకటి కలదు: మొక్కల రంగు ఎండకు వెలుస్తుంది, బంగారము వెలవదు.

ఇరవయ్యవ శతాబ్దిలో ఈ విద్య ఇల్లు దాటినది. నిజాము ప్రభుత్వములో ప్రధానిగా పనిచేసిన అక్బరు హైదరీ భార్య లేడీ హైదరీ నిర్మలు పనివారిని హైదరాబాదుకు రప్పించి ప్రోత్సహించారు. 1955లో నిర్మలులో సహకార సంఘము ఏర్పడినది. డ్యూకో రంగులు వచ్చి త్వరగా ఆరే గట్టి మెరుపును ఇచ్చాయి. నల్లని నేల మీద అజంతా, మొగలు చిత్రముల పోకడలు వచ్చాయి. 2009లో నిర్మలు బొమ్మల పేరుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇవన్నీ మేలే. కాని భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, పాకమును కాపాడదు. డబ్బా రంగు చేతికి వచ్చిన తరువాత మూలికలు కాచేవాని అవసరము తగ్గినది. ఇంటి గుట్టుగా దాచిన విద్యకు ఉన్న అపాయమే ఇది. కొనేవాడు తగ్గితే ఒకే తరములో పోతుంది. పంచుకొనుట వలన విద్య పలచబడుతుందని పాత పనివారు భయపడుటలో న్యాయము లేకపోలేదు. పోటీదారు పుట్టితే కూలి పడిపోతుంది గదా. అయినను, గుట్టు విప్పినంత మాత్రమున ఎదుటివానికి పని రాదని చెన్నీని లెక్కించిన ఏండ్లే చెబుతున్నవి.

పొనికి సంగతి ఇంకొక చిక్కు. గింజ పెంకు మిక్కిలి గట్టిది, సులభముగా మొలవదు. కర్ర కొరత నిర్మలు పనివారికి పాత బాధ. నల్లమల చేరువలోని పాఠశాలలు ఆ చెట్టును గుర్తుపట్టి, గింజలను రకరకముగా నానబెట్టి, పెంకు అరగదీసి మొలిపించి చూడవచ్చును. ఏ పద్ధతిలో ఎన్ని మొలిచినవో వ్రాసి ఉంచితే పనికివస్తుంది.

తరగతిలో చేయదగిన ప్రయోగము మరొకటి. చింతగింజలను వేయించి, పెంకు తీసి, ఒక రాత్రి నానబెట్టి, నూరి, ఉడికించి అంబలి చేయాలి. మూడు ఖాదీ ముక్కలు తీసుకొని, ఒకదానికి సుద్ద, నీరు మాత్రమే, రెండవదానికి సుద్ద, తిరుమాను బంకనీరు, మూడవదానికి సుద్ద, బంక, అంబలి కలిపి పూయాలి. రెండు రోజులు ఆరిన పిమ్మట ఒక్కొక్కదానిని పెన్సిలు చుట్టూ పదిసార్లు చుట్టి విప్పి, రాలిన పొడిని తూచాలి. మూడవ ముక్కకు రంగు వేయదలిస్తే జేగురు, దీపపు మసి, సుద్ద చాలును. పాత పనివారు వాడిన హరిదళములో ఆర్సెనిక్, ఇంగిలీకములో పాదరసము ఉన్నవి గనుక వాటిని పిల్లల చేతికి ఇవ్వరాదు.