అద్దె బాకీలు నడిపించిన డబ్లిన్

జూన్ 16న డబ్లిన్‌లో గడ్డి టోపీలు, పాతకాలపు కోట్లు వేసుకుని, చేతిలో ఓ లావుపాటి పుస్తకంతో వీధులు తిరిగేవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ కథంతా 1904లో ఆ ఒక్క తేదీన జరుగుతుంది. కథానాయకుడు లియోపోల్డ్ బ్లూమ్ పేరు మీద ఆ రోజును బ్లూమ్స్ డే అంటారు. ఆయన తిన్నచోట తింటారు, ఆయన సబ్బు తీసుకున్న మందుల షాపులో తామూ సబ్బు కొంటారు. ఈ నడక ఎక్కడ మొదలైందని వెతికితే మాత్రం నవల కన్నా వెనక్కి, ఓ తండ్రి కట్టని ఇంటి అద్దెల దగ్గరికి వెళ్లాలి.

జాయిస్ 1882 ఫిబ్రవరి 2న, ఊరికి దక్షిణాన రాత్‌గార్‌లో బ్రైటన్ స్క్వేర్ 41వ నంబరు ఇంట్లో పుట్టాడు. తండ్రి జాన్ జాయిస్‌ది పన్నుల వసూలు కచేరీలో ఉద్యోగం. మంచి గాయకుడు, మాటకారి. డబ్బు మాత్రం చేతిలో నిలవదు. 1892 ప్రాంతంలో ఆ కచేరీనే ఎత్తేశారు. జాన్ ఏడాదికి 132 పౌండ్ల పింఛను మీద పడ్డాడు. ఇంటినిండా పిల్లలు. అక్కణ్ణుంచి ఆ కుటుంబం పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు ఇళ్లు మారింది. జాయిస్‌కి ఇరవై ఏళ్లు నిండేలోపే పదికి పైగా ఇళ్లయ్యాయి. జాన్ కనిపెట్టిన ఉపాయం కూడా గొప్పదే: పేచీ లేకుండా ఖాళీ చేస్తాను, కట్టని అద్దెకు కట్టినట్టు రసీదు ఇవ్వమనేవాడు. ఎలాగోలా వదిలితే చాలనుకుని పాత ఇంటాయన ఇచ్చేవాడు. ఆ రసీదు చూసి కొత్త ఇంటాయన తాళం చెవులు అప్పగించేవాడు.

1893లో సముద్రం పక్కన బ్లాక్‌రాక్ వదిలేసి లిఫీ నదికి ఉత్తరాన ఫిట్జ్‌గిబ్బన్ వీధికి వచ్చారు. ఈ మార్పు ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ నవలలో కనిపిస్తుంది. ఊరు కొత్త. మొదట్లో కుర్రాడు బెరుకుగా పక్కనున్న స్క్వేర్ చుట్టూ తిరుగుతాడు, మహా అయితే ఓ సందులో సగం దూరం వెళ్లి వెనక్కి వస్తాడు. మెల్లగా ఊరి పటం మనసులో గీసుకుని, ఓ పెద్ద వీధి పట్టుకుని ధైర్యంగా నది ఒడ్డున కస్టమ్ హౌస్ దాకా పోతాడు. నన్నడిగితే డబ్లిన్‌లో జాయిస్ యాత్ర మొదటిసారి చేసింది ఆ పదకొండేళ్ల పిల్లాడే.

ఆ స్క్వేర్, అంటే మౌంట్‌జాయ్ స్క్వేర్ దగ్గరే ఇంకో సంగతి జరిగింది. ఫీజు కట్టలేక పిల్లల్ని ఏ బడిలో వేయాలో తెలియని జాన్‌కి దారిలో ఫాదర్ కాన్మీ ఎదురుపడ్డాడు. జాయిస్ అంతకు ముందు చదివిన క్లాంగోస్ వుడ్ స్కూలుకి పెద్దగా పనిచేసిన జెసూట్ ఆయన. ఆయన పుణ్యమా అని బెల్వెడేర్ కాలేజీలో ఫీజు లేకుండా సీటు దొరికింది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ‘యులిసీస్’లో ఓ అధ్యాయం ఈ కాన్మీ నడకతోనే మొదలవుతుంది. మౌంట్‌జాయ్ స్క్వేర్ మూల మీద ఆయన ముగ్గురు బెల్వెడేర్ పిల్లల్ని ఆపి, ఓ ఉత్తరం ఇచ్చి పోస్టు డబ్బాలో వేయమంటాడు. ఆ ఎర్ర డబ్బా ఉన్నది ఫిట్జ్‌గిబ్బన్ వీధి మొదట్లో, అంటే జాయిస్ వాళ్ల పాత వీధి మలుపులో. నవల పారిస్‌లో 1922లో అచ్చయింది. ఆ ఏడే ఐర్లండ్‌కి సొంత ప్రభుత్వం వచ్చి, బ్రిటిష్ ఎరుపు డబ్బాలకు ఆకుపచ్చ రంగు పూయించింది. ఎరుపు పుస్తకంలో మిగిలింది.

జాయిస్ 1904లో దేశం విడిచాడు. 1912 తర్వాత డబ్లిన్‌లో అడుగే పెట్టలేదు. దూరాన కూర్చుని, ఏ దుకాణం ఏ నంబరులో ఉందో థామ్స్ డైరెక్టరీ తిరగేసి చూసుకునేవాడు. అందులో లేనివి బంధువుల్ని అడిగేవాడు. 1921లో జోసఫిన్ అత్తకి ఉత్తరం రాశాడు: ఎక్లెస్ వీధి 7వ నంబరు ఇంటి ముందు కటకటాలు దాటి మామూలు మనిషి కింది గచ్చు మీదకి దిగగలడా? అది బ్లూమ్ ఇల్లు. తాళం చెవి మరిచిపోయిన బ్లూమ్ అలాగే దిగాలి మరి! ఇంత పట్టుదలతో రాసిన నవల కాబట్టే జనం దాన్ని పట్టుకుని వీధుల్లో దారి వెతుక్కోగలుగుతున్నారు.

యాత్రగా దీనికి శ్రీకారం చుట్టింది ఆరుగురు. 1954 జూన్ 16న, కథాకాలానికి యాభై ఏళ్లు నిండిన రోజున, రచయితలు బ్రయన్ ఓ నోలన్, ప్యాట్రిక్ కావనా, ఆంథొనీ క్రోనిన్, చిత్రకారుడు జాన్ రాయన్, అధ్యాపకుడు లెవెంతాల్, జాయిస్ బంధువైన ఓ పళ్ల డాక్టరు రెండు గుర్రబ్బళ్లు కట్టించుకుని శాండీకోవ్ నుంచి బయల్దేరారు. కాలినడక యాత్రకు మూలపురుషులు బళ్లెక్కి తిరిగారన్నమాట! నవలలోని చోట్లన్నీ చూసి రాత్రికి ఎక్లెస్ వీధి చేరాలని పథకం. దారిలో పబ్బులు ఎక్కువయ్యాయి, పోట్లాటలూ అయ్యాయి. డ్యూక్ వీధిలో బెయిలీ పబ్బు దగ్గరే యాత్ర ఆగిపోయింది.

ఎక్లెస్ వీధి ఇల్లు కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1967లో రాయన్ దాని తలుపు కాపాడి తెచ్చి, అదే బెయిలీలో పెట్టించాడు. ఇల్లున్న చోట ఇప్పుడు ఆస్పత్రి ఉంది. రచయిత నచ్చక చాలాకాలం ముఖం తిప్పుకున్న ఊరు, 1988 నాటికి బ్లూమ్ మధ్యాహ్నం నడిచిన దారి వెంట పేవ్‌మెంటులో పద్నాలుగు కంచు పలకలు పొదిగింది.

మనకీ ఒక రోజు నవల ఉంది. చైతన్య స్రవంతి పద్ధతిలో నవీన్ రాసిన ‘అంపశయ్య’ (1969) ఉస్మానియా హాస్టల్ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజే. పుస్తకం పట్టుకుని ఆ క్యాంపస్ తిరగడానికి గుర్రబ్బండి కూడా అక్కర్లేదు.

డబ్లిన్ వెళ్లేవాళ్లు ఎక్కువగా నదికి దక్షిణాన ఉన్న పలకలూ పబ్బులూ చూసి వస్తారు. నేనైతే ఉత్తరం వైపు మొదలుపెట్టమంటాను. నార్త్ రిచ్‌మండ్ వీధి ఒక చివర మూసుకుపోయి ఉంటుంది. అక్కడి 17వ నంబరులో జాయిస్ కుటుంబం అద్దెకుంది, జాయిస్ రాసిన ‘ఆరబీ’ కథ ఆ వీధిదే. అక్కణ్ణుంచి నార్త్ సర్క్యులర్ రోడ్డు దాటితే ఫిట్జ్‌గిబ్బన్ వీధి, దాని చివర మౌంట్‌జాయ్ స్క్వేర్, ఇంకొంచెం నడిస్తే బెల్వెడేర్. బడికి ఎదురుగా దిగే నార్త్ గ్రేట్ జార్జెస్ వీధిలో 35వ నంబరు జాయిస్ సెంటర్. రాయన్ కాపాడిన తలుపు ఇప్పుడు అక్కడే ఉంది. అంతా కలిపి అరగంట నడక. పబ్బులు తర్వాత చూసుకోవచ్చు.