సజాతి పదాలు

ఒకే చరరాశులను, వాటికి ఒకే ఘాతాంకాలను కలిగిన బీజీయ పదాలను సజాతి పదాలు అంటారు. అలా లేనివి విజాతి పదాలు. సజాతి పదాలను కలిపి ఒకే పదంగా వ్రాయడం బీజీయ సమాసాల సూక్ష్మీకరణలో మొదటి మెట్టు.

నిర్వచనం

య, క అనేవి చరరాశులు అనుకొంటే, 3య, −7య, య సజాతి పదాలు. 4య²క, 9కయ² కూడా సజాతి పదాలే. గుణకారంలో వరుస మారినా విలువ మారదు. 5య, 5య² లలో గుణకం ఒకటే అయినా ఘాతాంకాలు వేరు కనుక అవి విజాతి పదాలు. స్థిరసంఖ్యలన్నీ ఒకదానికొకటి సజాతి పదాలే.

ఆధారం

ఈ పద్ధతికి మూలం విభాగ న్యాయం.

3య + 5య = (3 + 5)య = 8య

అనగా గుణకాలను మాత్రమే కూడాలి. చరరాశి భాగం మారదు.

ఉదాహరణ

నిజామాబాదు జిల్లా బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. అది నడిచిన రోజులలో ఒక రైతు ఎడ్లబండికి య టన్నులు, లారీకి క టన్నులు చొప్పున చెరకు తోలాడనుకొందాం. మొదటి రోజు 3 బండ్లు, 2 లారీలు. రెండవ రోజు 5 బండ్లు, 1 లారీ.

(3య + 2క) + (5య + క) = 8య + 3క

బండికి 2 టన్నులు, లారీకి 10 టన్నులు అయితే మొత్తం 16 + 30 = 46 టన్నులు. విడివిడిగా లెక్కించినా 26 + 20 = 46 టన్నులే.

సాధారణ పొరపాట్లు

* 8య + 3క ను 11యక అని వ్రాయడం. పై విలువలతో ఇది 220 అవుతుంది. రైతు తోలినది 46 టన్నులే. ఇక్కడ య అంటే బండి కాదు, బండిలోని చెరకు బరువును తెలిపే సంఖ్య.
* 5య² + 3య ను 8య³ అని వ్రాయడం. య = 1 అయినపుడు రెండూ 8 అవుతాయి గాని, య = 2 అయితే మొదటిది 26, రెండవది 64. కావున ఒక్క విలువతో సరిచూచి తృప్తిపడరాదు.
* కుండలీకరణం ముందున్న ఋణ గుర్తును మొదటి పదానికే వర్తింపజేయడం. 7య − (2య − 3క) = 5య + 3క; 5య − 3క కాదు.

చరిత్ర

బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో అవ్యక్త రాశుల సంకలన, వ్యవకలనాలకు నియమాలు ఉన్నాయి. రెండవ భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తన బీజగణితంలో సమాన జాతి రాశులనే కూడాలని, భిన్న జాతి రాశులను వేరుగా నిలపాలని చెప్పాడు. అవ్యక్త రాశులకు ఆయన యావత్తావత్, కాలకము, నీలకము మొదలైన పేర్లు వాడి, వాటి తొలి అక్షరాలైన యా, కా, నీ లను గుర్తులుగా గ్రహించాడు. "సజాతి", "విజాతి" అనే నేటి తెలుగు పాఠ్యపుస్తకాల మాటలలో ఈ జాతి భావనే నిలిచి ఉంది.