డాక్టరు చదువుకు ముందు డిగ్రీ కావాలా? – కొంత చరిత్ర

మన సంఘంలో పిల్లల చదువుల మాట వచ్చినప్పుడల్లా ఒక సందేహం బయటికొస్తూనే ఉంటుంది. "మా అమ్మాయి డాక్టరు కావాలంటోంది. ముందు బి.ఎస్సీ. పూర్తి చేయించి, తర్వాత అప్లికేషన్ పెట్టిద్దామా?" అని అడిగేవారున్నారు. అమెరికాలో స్థిరపడ్డ బంధువులు "ఇక్కడ డిగ్రీ అయ్యాకనే మెడికల్ స్కూలు" అని చెప్పడంతో ఈ సందేహం ఇంకా బలపడుతుంది. మూడేళ్ళంటే మధ్యతరగతి ఇంటికి చిన్న సంగతి కాదు. ఆడపిల్ల విషయంలోనైతే ఆ మూడేళ్ళలో సంబంధాలు రావడం, నిఖా జరిగిపోవడం, డాక్టరీ మాట అంతటితో ఆగిపోవడం మనమందరం ఎరిగినదే. అందుచేత ఈ విషయంలో మన దేశంలో ఏం జరిగింది, అమెరికాలో ఏం జరిగింది అనే చరిత్రను సభ్యుల ముందు ఉంచడం అవసరమనిపించింది.

ముందుగా హైదరాబాదు సంగతి. నాలుగవ నిజాం నవాబ్ నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, హైదరాబాద్ మెడికల్ స్కూలు ఏర్పడింది. రెసిడెన్సీ సర్జనుగా ఉన్న డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దానికి మొదటి అధిపతి. ఆయన వైద్యం నిజాముకు మేలు చేసిందని, ఆ నమ్మకం మీదనే స్కూలుకు అనుమతి లభించిందని చెబుతారు. గమనించవలసిన విషయమేమంటే, అక్కడ ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో బోధించారు. ఆనాటికి మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలే లేవు. ఆ మూడూ 1857లో వచ్చాయి. అంటే బి.ఏ. అనే డిగ్రీ ఈ దేశంలో పుట్టకముందే మన హైదరాబాదులో డాక్టర్లు తయారవుతున్నారన్నమాట. ఉర్దూ చదవడం, రాయడం వచ్చి, నేర్చుకునే పట్టుదల ఉంటే అదే ప్రవేశానికి దారి. పాసైనవారికి "హకీమ్" అనే యోగ్యత ఇచ్చేవారు.

1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆ స్కూలు బాధ్యత తీసుకున్నారు. క్లోరోఫారం మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో కమిషన్లు పనిచేశాయి. వాటికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయం చేశారు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు కూడా రెండవ కమిషనుకు వచ్చాడు. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ ఈ స్కూల్లో చేరి, 1889లో చదువు ముగించి, మత్తుమందు ఇవ్వడంలో నిపుణురాలైంది. ప్రపంచంలో తొలి మహిళా ఎనస్థటిస్టుగా ఆమె పేరు చెప్పుకుంటారు. ఆనాడు ఆమెను ఎవరూ "బి.ఏ. పాసయ్యావా?" అని అడగలేదు.

ఇక మద్రాసు వైపు చూద్దాం. అక్కడ యూనివర్సిటీ ఉంది, ఇంటర్మీడియట్ పరీక్ష ఉంది. కోస్తా జిల్లాల పిల్లలు ఇంటర్మీడియట్ తర్వాత నేరుగా మెడికల్ కాలేజీకి వెళ్ళేవారు. దీనికి గొప్ప ఉదాహరణ మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మెట్రిక్యులేషనే మూడోసారికి పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టే ఆయనకు దక్కింది. అయినా 1923లో అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. బోదకాలు వ్యాధికి ఈనాటికీ వాడుతున్న మందు ఆయన నడిపిన పరిశోధనల ఫలితమే. చేరేముందు చేతిలో డిగ్రీ లేదు, బయటికొచ్చేటప్పుడు పూర్తి డిగ్రీ రాలేదు. కాని పని మాత్రం లోకమంతటికీ ఉపయోగపడింది.

కాలేజీలకు వెళ్ళలేనివారికి ఆనాడు ఇంకొక దారి కూడా ఉండేది. అదే ఎల్.ఎం.పి. చదువు. హైస్కూలు చదువుతోనే మెడికల్ స్కూల్లో చేరి, నాలుగేళ్ళలో బయటికి రావచ్చు. మన పెద్దలు చిన్న పట్టణాల్లో "డాక్టరుగారు" అని పిలుచుకున్నవారిలో చాలామంది ఎల్.ఎం.పి.లే. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చే నాటికి దేశంలో సుమారు 47 వేల మంది డాక్టర్లుంటే, వారిలో దాదాపు 30 వేల మంది ఈ లైసెన్షియేట్లే. అయితే దేశానికి ఒకే రకమైన డాక్టరు ఉండాలని, ఎల్.ఎం.పి.ని తీసివేయాలని కమిటీ చెప్పింది. పల్లెలకు డాక్టర్లు కరువవుతారని కమిటీలోనే కొందరు సభ్యులు విభేదించారు. చివరికి ఆ దారి మూసుకుపోయింది. చదువు ప్రమాణం పెరిగిన మాట నిజమే. హైస్కూలు దాటలేని పేద పిల్లవాడికి ఉన్న ఒక్క అవకాశం పోయిన మాటా నిజమే.

హైదరాబాదులో 1920లలో పాత మెడికల్ స్కూలు ఉస్మానియా మెడికల్ కాలేజీగా మారి, ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉర్దూలోనే ఎం.బి.బి.ఎస్. చెప్పింది. శరీరశాస్త్రం మొదలు శస్త్రచికిత్స దాకా కావలసిన పుస్తకాలు దారుల్ తర్జుమా పండితుల చేతుల మీదుగా ఉర్దూలోకి వచ్చాయి. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు వెనకబడింది అక్కడే అని చెప్పుకోవాలి. వాళ్ళకు అడ్డు తగిలింది భాష.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పి.యు.సి. తర్వాత మెడికల్ కాలేజీ, ఆ పైన రెండేళ్ళ ఇంటర్మీడియట్ తర్వాత మెడికల్ కాలేజీ అన్న పద్ధతి నడిచింది. వేరు వేరు బోర్డుల మార్కులను సరిపోల్చడం కష్టమై ప్రభుత్వం ఎంట్రన్సు పరీక్ష పెట్టింది. అది చెల్లుతుందని 1971లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1980లలో ఎంసెట్ వచ్చింది. 1984లో దారుస్సలాం ట్రస్టు ఆధ్వర్యాన హైదరాబాదులో డెక్కన్ మెడికల్ కాలేజీ మొదలై, మైనారిటీ విద్యార్థులకు ఒక ఆసరా అయింది. 2017 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎం.బి.బి.ఎస్. సీట్లు నీట్ ర్యాంకు మీదనే ఇస్తున్నారు. పరీక్షలు ఎన్ని మారినా, ఇన్నేళ్ళలో ఎన్నడూ "డిగ్రీ పూర్తి చేసి రా" అన్న షరతు మాత్రం రాలేదు. ఎందుకంటే మన దేశంలో ఎం.బి.బి.ఎస్. అన్నదే ఒక బ్యాచిలర్ డిగ్రీ.

మరి అమెరికాలో ఆ షరతు ఎలా వచ్చింది? మన బంధువుల మాట అబద్ధం కాదు గనుక ఇది కూడా తెలుసుకోవాలి. పంతొమ్మిదవ శతాబ్దంలో అక్కడి చాలా మెడికల్ స్కూళ్ళు ఫీజు కట్టగలిగినవాడినల్లా చేర్చుకునేవి. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీవారు మెడికల్ స్కూలు తెరవాలనుకుంటే డబ్బు చాలలేదు. అప్పుడు మేరీ గారెట్ అనే ధనవంతురాలు 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, రెండు ముఖ్యమైన షరతులు పెట్టింది. మొదటిది, ఆడవాళ్ళను మగవాళ్ళతో సమానంగా చేర్చుకోవాలి. రెండవది, చేరేవారికి ముందే కాలేజీ డిగ్రీ, సైన్సు పరిజ్ఞానం ఉండాలి. 1893లో ఆ స్కూలు తెరిచారు. అలా ఆ డిగ్రీ షరతు, ఆడపిల్లలకు తలుపు తెరిచిన షరతు ఒక్క చేతి మీదుగానే వచ్చాయి.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 మెడికల్ స్కూళ్ళను పరిశీలించి నివేదిక రాశాడు. ఆయన డాక్టరు కాదు, బడి పంతులు. లేబరేటరీలు లేని, ఆసుపత్రి లేని స్కూళ్ళను మూసేయాలని, చేరేవారికి కనీసం రెండేళ్ళ కాలేజీ చదువు ఉండాలని చెప్పాడు. నాసిరకం స్కూళ్ళు ఎన్నో మూతపడ్డాయి. దానివల్ల రోగులకు మేలే జరిగింది. కాని నల్లజాతివారికి ఉన్న ఏడు స్కూళ్ళలో చివరికి హోవర్డ్, మెహారీ అనే రెండే మిగిలాయి. డబ్బులేని పిల్లలకు, నల్లజాతి పిల్లలకు డాక్టరీ చాలా దూరమైపోయింది. మన ఎల్.ఎం.పి. కథకూ దీనికీ పోలిక కనబడుతోంది కదా! గుమ్మం ఎత్తు పెంచినప్పుడు, ఎక్కలేనివారికి మెట్లు కూడా కట్టాలి. అక్కడా ఇక్కడా ఆ మెట్లు కట్టడం ఆలస్యమైంది.

ఇంకొక సంగతి. అమెరికాలో కూడా ఆ షరతు రాతి మీద గీత కాదు. కొన్ని స్కూళ్ళు డిగ్రీ పట్టా కాకుండా నిర్ణీత సైన్సు సబ్జెక్టులతో సుమారు 90 క్రెడిట్లు, అంటే మూడేళ్ళ చదువు, ఉంటే అప్లికేషన్ తీసుకుంటాయి. అయితే సీటు దొరికేవారిలో దాదాపు అందరికీ డిగ్రీ ఉంటుంది. మిస్సోరీ యూనివర్సిటీ కాన్సస్ సిటీలో 1971లో, హైస్కూలు తర్వాత ఆరేళ్ళలో రెండు డిగ్రీలూ ఇచ్చే కోర్సు పెట్టారు. అక్కడ చదవదలచుకున్న పిల్లలు ఏ స్కూలు నియమం ఏమిటో విడివిడిగా చూసుకోవాలి.

ఇప్పుడు మన పిల్లల విషయం సూటిగా చెప్పుకుందాం. ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. సైన్సు సబ్జెక్టుల్లో నియమాలు కోరే మార్కులు రావాలి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. ఆపైన నీట్. 2018 నుంచి నీట్ ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఇస్తున్నారు. తెలుగు అంతకుముందు నుంచే ఉంది. 1846లో ఉర్దూలో పాఠం చెప్పిన ఊరి పిల్లలకు ఇది సంతోషించదగిన విషయమే. కాలేజీలో పాఠం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది గనుక, ఉర్దూ, తెలుగు మీడియం పిల్లలకు పదో తరగతి నుంచే ఇంగ్లీషు గట్టిపరచాలి.

బయాలజీ తీసుకోకుండా ఇంటరు పాసైనవారు నిరాశపడనవసరం లేదు. గుర్తింపు ఉన్న బోర్డు ద్వారా దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనా నీట్‌కు అర్హులేనని 2023లో నేషనల్ మెడికల్ కమిషన్ తెలిపింది. 2022లో గరిష్ట వయసు పరిమితిని కూడా తీసివేశారు. అందుచేత ఇప్పటికే బి.ఎస్సీ.లో చేరినవారు, పూర్తి చేసినవారు కూడా రాయవచ్చు. వారు చదివిన డిగ్రీ వృథా పోదు, అడ్డూ కాదు. సీటు కోసం మాత్రం అది అవసరం లేదు.

2007 చట్టం ప్రకారం ముస్లిములలో వెనుకబడిన 14 వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించారు. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఆ వర్గాలకు చెందిన కుటుంబాలు సర్టిఫికెట్టు కోసం కౌన్సెలింగ్ దాకా ఆగకుండా, పిల్ల ఇంటరులో ఉండగానే మండల ఆఫీసులో తీసుకోవడం మంచిది. కాగితం చేతికందక పోయిన సీటు తిరిగి రాదు.

సంఘం పెద్దలకు ఒక మనవి. చరిత్రలో మన పిల్లల్ని ఆపినది ఒకప్పుడు భాష, ఒకప్పుడు ఫీజు, ఒకప్పుడు సమాచారం లేకపోవడం. జకాత్, సదఖా నిధుల్లో కొంత భాగం పదో తరగతి తర్వాత బై.పి.సి.లో చేరే పేద పిల్లల కోచింగుకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కేటాయిస్తే బాగుంటుంది. వచ్చే ఏడు ఫలితాలు రాకముందే, ఇంటరు మొదటి సంవత్సరం పిల్లల తల్లిదండ్రులను ఒకరోజు పిలిచి ఈ నియమాలన్నీ చదివి వినిపిస్తే, ఇన్షా అల్లాహ్, కొన్ని ఇళ్ళలోనైనా మూడేళ్ళ కాలం మిగులుతుంది.