చెరువు తెగితే రైలు కట్ట నిలిచేనా?

మహబూబాబాద్: కాజీపేట - విజయవాడ మార్గంలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య 2024 సెప్టెంబరు 1న వరద ఉధృతికి రైలు కట్ట కొట్టుకుపోయింది. కంకర, మట్టి కోసుకుపోగా సిమెంటు స్లీపర్లతో సహా పట్టాలు గాలిలో వేలాడాయి. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ప్రధాన మార్గంలో రాకపోకలు స్తంభించాయి. అదృష్టవశాత్తు రైలు ఏదీ ఆ గండిలో పడలేదు. సిబ్బంది రేయింబవళ్లు శ్రమించి సెప్టెంబరు 4 నాటికి రైళ్లను తక్కువ వేగంతో నడపగలిగారు. అయితే గండి పూడ్చడం వేరు, మళ్లీ గండి పడకుండా చూడడం వేరు.

కట్ట ఎందుకు తెగుతుంది?

నిజాం కాలంలో వేసిన ఈ మార్గం 1889లో బెజవాడకు చేరింది. అంతకు శతాబ్దాల ముందే ఓరుగల్లు ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు వెలశాయి. పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు చేరుతుంది. పైది తెగితే ఆ భారమంతా కిందిదానిపై పడుతుంది. పల్లానికి అడ్డంగా సాగే రైలు కట్ట అలాంటి వేళ తూము లేని ఆనకట్టగా మారుతుంది. వంతెన ఖానాలు చాలకపోయినా, చెట్లు, చెత్త అడ్డుపడినా ఎగువన నీరు నిలిచి కట్ట మీదుగా పొర్లుతుంది. మొదట కంకర పోతుంది. ఆపై దిగువ వాలు కోతకు గురై కట్ట గంటల వ్యవధిలోనే కరిగిపోతుంది.

వలిగొండ విషాదం

2005 అక్టోబరు 29న నాటి నల్గొండ జిల్లా వలిగొండ వద్ద జరిగిందీ ఇదే. ఎగువ చెరువు తెగి చిన్న వంతెన కొట్టుకుపోగా, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళుతున్న డెల్టా ప్యాసింజర్ ఆ గండిలో పడింది. వందమందికి పైగా మరణించారు. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలినప్పుడూ మృతులు వందకు మించారు.

పరిష్కారాలు ఏవి?

రైల్వే వంతెనలకు సాధారణంగా 50 ఏళ్లకోసారి రాదగిన వరదను, ముఖ్యమైన చోట్ల 100 ఏళ్ల వరదను ప్రమాణంగా తీసుకుంటారు. 50 ఏళ్ల వరద అంటే మరో 50 ఏళ్ల దాకా రాదని కాదు. ఏ సంవత్సరమైనా అది వచ్చే అవకాశం నూటికి రెండు పాళ్లు. పైగా ఈ లెక్క వర్షపు నీటిదే. చెరువు తెగి ఒక్కుమ్మడిగా వచ్చే నీరు ఈ లెక్కకు లొంగదు.

ఖానాలు చాలని చోట కాంక్రీటు పెట్టెలను జాకీలతో పట్టాల కిందికి నెట్టి కొత్త దారి ఏర్పరచవచ్చు. రైళ్ల వేగం తగ్గిస్తే చాలు, మార్గాన్ని నెలల తరబడి మూసివేయనక్కరలేదు. కట్ట వాలుకు రాతి పేర్పు, వంతెన అడుగున గట్టి రాతి పరుపు కోతను నిలువరిస్తాయి. కట్ట ఎత్తు పెంచడం తేలికైన ఉపాయంగా తోచినా, నీటికి దారి విస్తరించకుండా అదొక్కటే చేస్తే ఎగువ గ్రామాలు, పొలాలు మునుగుతాయి. రైతులు దానిని అభ్యంతరపెట్టడం సహజమే.

అసలు చిక్కు రైల్వే హద్దు వెలుపల ఉంది. తెగితే మార్గానికి ముప్పు తెచ్చే చెరువులను రైల్వే ప్రత్యేక జాబితాలో చేర్చుతుంది. వానాకాలానికి ముందు నీటిపారుదల శాఖతో కలిసి వాటిని తనిఖీ చేయాలి. కట్టపై తుమ్మచెట్లు, ఎలుక బొరియలు, పూడుకుపోయిన మత్తడి కాలువలు ఆ తనిఖీలో గుర్తించవలసినవి. గుర్తించినా మరమ్మతు చేయవలసింది మాత్రం చెరువు యజమాని అయిన ప్రభుత్వమే. పట్టాలు ఒకరివి, చెరువు మరొకరిది కావడంతో చిన్న పని సైతం ఉత్తర ప్రత్యుత్తరాలలోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

వంతెన స్తంభాలపై ప్రమాద స్థాయి గీతలు, నీటిమట్టం తెలిపే పరికరాలు, వానరాత్రుల్లో లాంతరుతో నడిచే గస్తీ సిబ్బంది చివరి రక్షణ. ఇదే మార్గంలో చేపట్టిన మూడో లైనులోనూ ఒక విషయం గమనించాలి. కొత్త కట్టలోని ఖానాలు పాత ఖానాలకు సూటిగా, వాటికి తగ్గని వెడల్పుతో లేకపోతే, రెండు కట్టల నడుమ నీరు చిక్కుకుని రెండింటినీ కోస్తుంది.