తంగేడు: మన సీమ చరిత్రలో ఒక పొద

1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటులోని కొన్ని తాలూకాలు అందు చేరినవి. వేలూరు, గుడియాత్తములు పాత జిల్లాలోనే నిలిచినవి. ఎల్ల ఎచ్చట గీచినను, దాని కిరుప్రక్కల మెట్టనేలలలో ఒకే పొద పచ్చగా పూచుచున్నది. మనము దానిని తంగేడందుము. మన తమిళ సోదరులు ఆవారై అందురు.

లిన్నేయసు 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరిడెను. ఆకుకాడ మొదట చెవులవంటి పత్రపుచ్ఛము లుండుటచేత ఆ పేరు కలిగెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని సెన్నా అను ప్రజాతిలో చేర్చిరి.

ఈ పొద మన సీమకు కూడు పెట్టినది. దీని చెక్కలో తోలును పదునుచేయు పదార్థము నూటికి సుమారు 18 పాళ్లు కలదు. కొమ్మలు కొట్టి, చెక్క ఒలిచి, ఎండబెట్టి, దంచి, నీట నానవేసి ఆ కషాయమున తోళ్లను ఊరవేసెడివారు; పిదప కరక్కాయ నీటిలో ముంచెడివారు. ఇట్లు సిద్ధమైన మద్రాసు తోళ్లు ఈస్టిండియా తోళ్లను పేర లండను విపణిలో ప్రసిద్ధి కెక్కెను. వేలూరు, గుడియాత్తము, పేర్నంబట్టు, వాణియంబాడి, ఆంబూరు ప్రాంతముల కార్ఖానాలకు ఈ చెక్క ఎంతయో అవసరమయ్యెను. పొలము లేని పేదలకు చెక్క ఒలుచుట కూలి నిచ్చెను.

తరువాత దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క వచ్చెను. అందు సారము హెచ్చగుటచే తంగేటికి గిరాకి తగ్గెను. 1970 తరువాత క్రోము పద్ధతి విస్తరించెను. పని త్వరితమయ్యెను గాని, శుద్ధిచేయని మురుగునీరు పాలారు తీరపు బావులను పాడుచేసెను. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు పౌరుల వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, కాలుష్యమునకు కారకులైనవారే నష్టము భరింపవలెనని శాసించెను. చెక్కతో పదునుచేసిన కాలమునను మురుగు లేకపోలేదు; కాని క్రోము లవణముల బెడద లేదు.

దీనిని పెంచుట సులభము. ఎండిన కాయలనుండి గింజలు తీసి గరుకురాతిపై రుద్ది, లేదా వేడినీట రాత్రియంతయు నానవేసి, వానలకు ముందు నాటవలెను. తల్లివేరు లోతుగా దిగును గనుక నాటిన చోటనే పెరుగనిచ్చుట మేలు. ఎండ చక్కగా తగులవలెను, నీరు నిలువరాదు. మొదటి వేసవిలో అప్పుడప్పుడు నీరు పోసిన చాలును. పూత ముగిసిన వెనుక కొమ్మలు కత్తిరించిన క్రొత్త చిగుళ్లు వచ్చును. రెమ్మలు వరిమళ్లకు పచ్చిరొట్ట ఎరువగును.

తెలంగాణలో బతుకమ్మకు ఈ పూవే ప్రధానము. 2014లో ఏర్పడిన ఆ రాష్ట్రము దీనినే రాష్ట్రపుష్పముగా గ్రహించెను. కొంగుసీమ మొదలగు తావుల పొంగలికి ముందు వేపాకు, కొండపిండి పూలతో కూర్చి ఇంటి చూరులకు కట్టుదురు. ఇట్లు రెండు భాషలవారికిని ఇది పండుగ పూవే.

మన పిల్లలు బడిలో ఆవారం అని నేర్తురు, అది మంచిదే. ఇంట తంగేడను మాట మనము చెప్పనిచో వారికి మరెవ్వరు చెప్పుదురు? పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత నిజము కాకుండుగాక. ప్రతి తెలుగు గృహమున ఎండ తగులు మూల నొక తంగేటి పొదను నాటి, దాని పేరును చరిత్రను పిల్లలకు చెప్పుదురని మేము కోరుచున్నాము.